జ్వరం విడిచింది, నీరసం విడువలేదు

కోవిడ్ రెండవ విడత 2021 వేసవిలో మా పశ్చిమ ప్రకాశాన్ని ముంచెత్తి వెళ్ళిన తరువాత, ఆ ఏడు శ్రావణమాసంలో, గిద్దలూరు వైపు గ్రామం నుండి ఒక ఉపాధ్యాయిని మార్కాపురంలోని నా వైద్యశాలకు వచ్చారు. జ్వరం తగ్గి మూడు మాసాలైంది. ఆసుపత్రిలో చేరవలసిన అవసరం కలుగలేదు, ఇంటిపట్టునే ఉండి కోలుకున్నారు. అయినా బిందెడు నీళ్ళు ఎత్తి గట్టుమీద పెడితే మరునాడు మంచం దిగలేకపోతున్నానన్నారు. పాఠం చెబుతూ మాట మధ్యలో పదం మరచిపోతున్నానన్నారు. రక్తపరీక్షలన్నీ సక్రమంగా ఉన్నాయి. అంతకుముందు చూసిన వైద్యులు "మీకేమీ లేదమ్మా, మనసులో బెంగ" అని పంపివేశారట. ఇంట్లో అత్తగారు అంతకంటె సులువైన నిర్ణయానికి వచ్చారు: బడికి వెళ్ళడానికి బద్ధకమని.

నేను చేసినది వారికంటె మేలైన పని కాదు. అశ్వగంధ చూర్ణం పాలతో పుచ్చుకోమని చెప్పి, "ఒళ్ళు కదిలిస్తేనే బలం వస్తుందమ్మా, రోజూ తెల్లవారుజామున రెండు కిలోమీటర్లు నడవండి, వారంవారం కొంత పెంచండి" అన్నాను. ఆమె శ్రద్ధ గల మనిషి. చెప్పినట్లే నడిచారు. నాలుగవ వారంలో ఆమె భర్త ఒక్కరే వచ్చారు. స్నానాల గదికి వెళ్ళాలన్నా గోడ పట్టుకొని నడవవలసి వస్తున్నదని చెప్పారు.

ఆ రాత్రి చరకసంహిత చికిత్సాస్థానంలో జ్వరాధ్యాయం మరల తీశాను. జ్వరం విడిచినవాడు తిరిగి బలం పుంజుకొనేవరకు వ్యాయామం, మైథునం, స్నానం, అటూ ఇటూ తిరగడం కూడా మానాలని అక్కడ స్పష్టంగా ఉన్నది. నిషేధించినవాటిలో నడక కూడా ఉన్నదన్న సంగతి గమనించండి. విద్యార్థి దశలో నేను కంఠస్థం చేసిన విషయమే ఇది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు జ్వరం తగ్గిన మనిషికి బీరకాయ కూరతో పథ్యం పెట్టి, కొన్నాళ్ళు గుమ్మం దాటనీయకపోవడంలోని అర్థమూ ఇదే. చదివినదీ, ఇంట్లో చూసినదీ రెండూ మరచి, ఈనాటి వ్యాయామ ప్రచారానికి లొంగి ఆమెకు హాని చేశాను. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

ఈ జబ్బు కొత్తది కాదు. విషజ్వరం వంటిది వచ్చి పోయిన తరువాత నెలలు, ఏళ్ళు విడువని అలసట, నిద్రపోయినా తీరని బడలిక, మెదడుకు మబ్బు కమ్మినట్లుండడం, అన్నిటికంటె ముఖ్యంగా కొద్దిపాటి శ్రమకే మరునాడో, ఆ మరునాడో కుప్పకూలడం దీని లక్షణాలు. పాశ్చాత్య వైద్యంలో దీనిని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటున్నారు. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో సుమారు 300 మంది సిబ్బంది ఇటువంటి జబ్బున పడ్డారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. పదిహేనేళ్ళ తరువాత, 1970లో ఇద్దరు మానసిక వైద్యులు కాగితాలు తిరగవేసి, అది సామూహిక హిస్టీరియా అని తేల్చారు. మా ఉపాధ్యాయినిగారి అత్తగారి తీర్పుకూ దీనికీ భేదమేమిటో నాకు తెలియదు. కాని ఆ తీర్పు ఫలితంగా దశాబ్దాల తరబడి ఈ జబ్బు మీద పరిశోధనకు సరైన డబ్బు దక్కలేదు. లేని రోగానికి నిధులెవరిస్తారు? శ్రమను క్రమంగా పెంచుకుంటూ పోయే చికిత్సను ఇకమీదట ఈ రోగులకు ఇవ్వరాదని బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ 2021 అక్టోబరులో ప్రకటించింది. నేను ఆ ఉపాధ్యాయినికి చెప్పినది సరిగ్గా ఆ చికిత్సే.

అదే మాసంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అనంతర స్థితికి నిర్వచనమిచ్చింది. కోవిడ్ సోకిన మూడు నెలల నాటికి ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే జబ్బుతో సమాధానపడని లక్షణాలను ఆ పేరుతో పిలవాలన్నారు. వాడుకలో లాంగ్ కోవిడ్ అంటున్నది దీనినే. ఈ రోగులలో కొందరి లక్షణాలు పాత అలసట జబ్బుతో అచ్చంగా సరిపోతున్నాయి. అమెరికా చట్టసభ 2020 డిసెంబరులోనే దీని పరిశోధనకు 115 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బులో అధికభాగం పరిశీలనలకే పోయి, మందుల పరీక్షలు ఆలస్యమయ్యాయని అక్కడి రోగులే గొడవపడ్డారు. 2024లో మరికొంత సొమ్ము చేర్చారు. 2025లో ఆ దేశపు ఆరోగ్యశాఖలోని లాంగ్ కోవిడ్ కార్యాలయాన్నే మూసివేశారు. ధనవంతుల ఇంట కూడా ఈ రోగి పరిస్థితి సవతి బిడ్డ పరిస్థితే.

మన దేశం సంగతికి వద్దాం. భారత వైద్య పరిశోధన మండలి 31 ఆసుపత్రులలో కోవిడ్‌తో చేరి ఇంటికి వెళ్ళిన 14,419 మందిని ఏడాదిపాటు ఫోనులో విచారించి, 2023లో ఫలితాలు వెలువరించింది. మొదటి విచారణ నాటికి 17.1 శాతం మందికి ఏదో ఒక బాధ మిగిలి ఉన్నది. ఏడాది లోపల 6.5 శాతం మంది మరణించారు. ఇది మెచ్చదగిన పని. కాని ఇది ఆసుపత్రిలో చేరినవారి లెక్క. మిరియాల కషాయం త్రాగి ఇంట్లోనే కోలుకున్న గిద్దలూరు ఉపాధ్యాయిని ఈ లెక్కలోకి ఎలా వస్తారు? కంభం చెరువు కింద నాట్లు వేసే కూలీ స్త్రీ "మునుపటిలా ఒంగలేకపోతున్నానయ్యా" అంటే, ఆ మాట ఏ రిజిస్టరులో ఎక్కుతుంది?

మా ప్రాంతంలో అలసటకు తల్లులు చాలామంది. పలకల పరిశ్రమలో పనిచేసినవారికి రాతిపొడి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ రావచ్చు, దానిమీద క్షయ తోడు కావచ్చు. బోరునీటిలోని ఫ్లోరైడు కీళ్ళను బిగదీస్తుంది. 2006లో చికున్ గున్యా వచ్చి పోయిన తరువాత నెలల తరబడి మెట్లెక్కలేనివారిని నేనెరుగుదును. రక్తహీనత మా స్త్రీలకు పుట్టింటి కానుక వంటిది. వీటన్నిటి మీద కోవిడ్ వచ్చి పడింది. పలకల కార్మికుడు ఆయాసంతో వస్తే ఏది దేనివల్లనో విడదీయడం నాడి చూసినంత మాత్రాన సాధ్యమా? పెద్ద నగరంలోని పరిశోధనాలయం ఇచ్చే జవాబు మాకు అక్షరాలా వర్తించదని నేననడం ఇందుకే. ఇక్కడి మనుషులను ఇక్కడే పరిశీలించాలి.

అలా పరిశీలించి లోకానికి చాటిన ఘనత మన పొరుగుకే ఉన్నది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుండి వచ్చాయి. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు నుండి వచ్చాయి. అవిభక్త నెల్లూరు జిల్లాలో వెన్ను వంగిపోయి, మెడ తిప్పలేక, నడవలేకపోయిన మనుషులను గురించి షార్ట్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ 1937లో వ్రాసిన పత్రమే మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్‌ను శాస్త్రలోకానికి తెలియజేసింది. జబ్బు అంతకు ముందు నుండీ ఉన్నది. చూచి వ్రాసినవారు వచ్చిన తరువాతనే దానికి కారణం నీటిలో ఉన్నదని తెలిసింది. కొన్ని దశాబ్దాలకు పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే నల్గొండ పద్ధతి వచ్చింది. పటిక, సున్నం! వంటింటి మూలలో దొరికే వస్తువులు. కాని వాటి పాలు ఎంతో నిర్ణయించడానికి నాగపూరులోని పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు శ్రమించవలసి వచ్చింది. గృహవైద్యమంటే పరిశోధన అక్కరలేని వైద్యమని అనుకునేవారు ఈ ఉదాహరణను తలచుకోవాలి.

ఇక మావాళ్ళ సంగతి. 2021 మే నెలలో కృష్ణపట్నం ఆనందయ్యగారి మందు కోసం వేలాదిమంది వరుసకట్టినప్పుడు కేంద్ర ఆయుర్వేద పరిశోధనామండలి రోజులలో కదిలింది. కోవిడ్‌ను నయం చేస్తుందనడానికి ఆధారం లేదు, పై మందులవల్ల హాని కనపడలేదు అన్న అభిప్రాయంతో, మే 31న రాష్ట్రప్రభుత్వం కంటి చుక్కలను ఆపి మందు పంపిణీకి అనుమతి ఇచ్చింది. జ్వరం ఉన్ననాడు అంత వేగంగా కదిలిన వ్యవస్థ, జ్వరం పోయి నీరసం మిగిలిన నాడు ఎందుకు కదలదు? వరుసలో నిలబడే ఓపిక ఈ రోగికి లేదు గనుక, ఫోటో పడదు గనుక అని నాకు తోస్తుంది.

అదే ఏడు మన అఖిల భారత ఆయుర్వేద సంస్థ, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌తో ఒప్పందం చేసుకొని, కోవిడ్ నుండి కోలుకుంటున్నవారిపై అశ్వగంధను పరీక్షించడానికి పూనుకొన్నది. లీసెస్టర్, బర్మింగ్‌హామ్, లండన్ నగరాలలో 2,000 మందిపై చేయాలని ప్రకటించారు. సంతోషించాను. వెంటనే చిన్నబోయాను కూడా. మన పెన్నేరుగడ్డను పరీక్షించడానికి మన రోగి పనికిరాడా? అటువంటి పరీక్ష ఒకటి మార్కాపురంలోనో, ఒంగోలులోనో జరిగితే, నేను ఇస్తున్న చూర్ణం వల్ల మేలు జరుగుతున్నదో, కాలం గడిచి జబ్బు తనంతట తగ్గుతున్నదో నాకు తెలిసేది. ఇప్పుడు నాకది తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. పత్రికలలో ప్రకటనలిచ్చే బలవర్ధక లేహ్యాల వారు మాత్రం తెలుసునంటున్నారు. కొందరిలో అశ్వగంధ వల్ల కాలేయం దెబ్బతిన్న సంఘటనలు విదేశాలలో నమోదయ్యాయి గనుక, కాలేయపు జబ్బు, థైరాయిడ్ ఉన్నవారు, గర్భిణులు దీనిని సొంతంగా వాడరాదు.

కోట్లు వచ్చేదాకా ఊరుకోనక్కరలేదు. ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఒక పుస్తకం పెట్టి, జ్వరం వచ్చిన తేదీ, అలసట ఎన్నాళ్ళు, శ్రమ చేసిన మరునాడు ఎలా ఉంటున్నది అనే మూడు ప్రశ్నలు వేసి వ్రాస్తే చాలు, పని మొదలైనట్లే. ఆశా కార్యకర్త వద్ద ఇప్పటికే ఎన్నో పుస్తకాలున్నాయి, ఇంకొకటి మోయమని చెప్పేటప్పుడు ఆమెకు తగిన ప్రతిఫలం కూడా చూడాలి. మా ఆయుర్వేద వైద్యులు తగ్గినవారి కథలతోపాటు తగ్గనివారి కథలను కూడా వ్రాసిపెట్టాలి. మాలో చాలామందికి ఈ రెండవ అలవాటు లేదు, నాకూ లేకపోయింది.

ఇంట్లో ఇటువంటి మనిషి ఉంటే చేయవలసినది కొంత చెబుతాను. మొదట హిమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్, బి12, దగ్గు ఉంటే కఫ పరీక్ష చేయించండి. పలకల పని చేసినవారు ఛాతీ ఎక్స్‌రే తీయించండి. వాడుతున్న ఇంగ్లీషు మందులు ఆపవద్దు. అన్నీ సక్రమంగా ఉన్నా నీరసం తీరకపోతే, రోజు పనిని ముక్కలుచేసి, ప్రతి ముక్కకూ మధ్య పడుకోనివ్వండి. బాగున్న రోజున పేరుకున్న పనులన్నీ చేయనివ్వవద్దు, ఆ మరునాడే పడగొడుతుంది. పెసరకట్టు, గంజి, పాతబియ్యపు అన్నం వంటి తేలికైన ఆహారం పెట్టండి. ఇవి జబ్బును నయం చేస్తాయని కాదు, జీర్ణశక్తికి భారం కావు. బద్ధకమనే మాట మాత్రం ఇంట్లో వినబడనీయకండి.

ఆ ఉపాధ్యాయినిగారు సంవత్సరంపైన సెలవు పెట్టి, మెల్లగా కోలుకొని, ఇప్పుడు సగం ఓపికతో బడికి వెళుతున్నారు. నడక మానిపించిన రోజున నేను క్షమాపణ చెబితే, "పోనీలెండి డాక్టరుగారూ, మీరైనా జబ్బేనన్నారు" అన్నారు. నా పుస్తకంలో మొదటి పేజీ ఆమెది. మందు, మోతాదు, ఫలితం అన్న గడుల పక్కన, నేను చేసిన పొరపాటు అని ఇంకొక గడి గీసుకున్నాను. ఈ ప్రాంతంలో అధ్యయనం చేయదలచినవారెవరైనా వస్తే, రోగుల సమ్మతి తీసుకొని, పేర్లు తొలగించి ఆ పుస్తకం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంతవరకు ఎవరూ అడుగలేదు.