మాటలు లేని బొమ్మ – మాటలాడే బిడ్డ

అల్ హైల్ వంటి ప్రవాస నివాసాలలో తెలుగు కుటుంబాలు శుక్రవారం సాయంత్రం ఒక ఇంట కూడినప్పుడు, పిల్లలచేత వేమన పద్యమో సుమతీ పద్యమో చెప్పించడం పరిపాటి. చక్కగా పద్యం చెప్పిన ఆ బాలుడే, అమ్మమ్మ ఫోనులో “ఏం తిన్నావురా?” అని అడిగితే ఆంగ్లంలో బదులిస్తాడు. విని గ్రహించడం వేరు, వాక్యాన్ని తానుగా నిర్మించుకోవడం వేరు. కంఠస్థం చేసిన పద్యం ఈ రెండవదానికి అంతగా తోడ్పడదు.

1969లో అమెరికా చిత్రకారుడు మెర్సర్ మేయర్, శీర్షిక తప్ప లోపల ఒక్క మాటైనా లేని బొమ్మల పుస్తకాన్ని వెలువరించాడు. తప్పిపోయిన కప్పకోసం ఒక బాలుడు, అతని కుక్క సాగించే అన్వేషణే అందులోని కథ. రూత్ బెర్మన్, డాన్ స్లోబిన్ అనే భాషాశాస్త్రవేత్తలు ఆంగ్లం, జర్మన్, స్పానిష్, హీబ్రూ, తుర్కీ భాషల పిల్లలు ఆ బొమ్మలను చూచి చెప్పిన కథలను పోల్చి, 1994లో గ్రంథంగా ప్రకటించారు. బొమ్మ ఒక్కటే అయినా, దానిని వాక్యంగా మలచే పద్ధతి భాషభాషకూ వేరని తేలింది.

తెలుగులో ఆ కథ చెప్పబోయే బిడ్డకు “బాలుడు వచ్చాడు, కుక్క వచ్చింది” అనే భేదం మొదటి మెట్టు. “చెట్టెక్కి, తొర్రలోకి చూచి, గుడ్లగూబ బయటికి రాగానే జడిసి క్రిందపడ్డాడు” అనడం పై మెట్టు. ఎక్కి, చూచి, జడిసి – ఈ అసమాపక క్రియల గొలుసే తెలుగు కథనానికి ప్రాణం. అది అలవడని బిడ్డ “ఎక్కాడు అండ్ చూశాడు అండ్ పడ్డాడు” అంటాడు.

ఇది పాశ్చాత్యుల వద్ద కొత్తగా నేర్వవలసిన విద్య కాదు. చేర్యాల నకాషీలు చిత్రించిన పటాలను విప్పుతూ కూనపులి, కాకిపడగల కథకులు ఊరూరా కథలు చెప్పేవారు. (గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమన్ను పట్టించి పటాన్ని సిద్ధం చేయడం దానికదే చక్కని రసాయన ప్రక్రియ; ఆ ముచ్చట మరొకప్పుడు.) పటంలోని బొమ్మ మారదు, కథకుని మాట మాత్రం ఎదుట కూర్చున్నవారినిబట్టి మారుతుంది.

అయితే పిల్లల ముందు రామాయణ చిత్రం పెడితే ప్రయోజనం తక్కువ. తెలిసిన కథ గనుక మళ్ళీ అప్పజెప్పడానికే దిగుతారు. సముద్రపుటొడ్డున ఒరిగిన చేపల పడవ, ప్రక్కన ఒంటి చెప్పు – ఇంతమాత్రమే ఉన్న ఛాయాచిత్రం మేలు. ఆ చెప్పు ఎవరిది? ఒక బిడ్డ ఒక వాక్యం చెబితే, ప్రక్కబిడ్డ మరొకటి చేర్చాలి. తట్టని మాటను ఆంగ్లంలోనే అననివ్వాలి. తరువాతివారు దానికి తెలుగు మాట అందించి కథను సాగిస్తారు. పెద్దలకు కష్టమైన నియమం ఒకటున్నది: మధ్యలో దిద్దరాదు, నవ్వరాదు. “పడవ వచ్చాడు” అన్న బిడ్డను చూచి నవ్విన ఇంట ఆ సాయంత్రానికి కథ ముగిసినట్లే. తమ వంతు వచ్చినప్పుడు “అవును, పడవ వచ్చింది, అందులో…” అని అందుకుంటే చాలును.

వార్షికోత్సవాలలో పద్యపఠనానికిచ్చే సమయంలో పది నిమిషాలు ఇటువంటి కథకు కేటాయించవచ్చును. తడబాట్లుంటాయి, బహుమతి నిర్ణయించడమూ కష్టమే. బొమ్మను మాత్రం తెర లేచేవరకు ఎవరికీ చూపరాదు. చూపితే తల్లిదండ్రులు ముందురోజు రాత్రే కథ వ్రాసి బట్టీ పట్టిస్తారు.