కరెంటు ఉండగానే బ్యాటరీ అయిపోయింది!

సాయంత్రం ఆరున్నరకి కరెంటు పోయింది. ఊళ్లో ఇంటి నుంచి పని చేస్తున్నా. ప్రొడక్షన్‌లో ఒక ఫిక్స్ సగంలో ఉంది, కాల్‌లో నలుగురు ఎదురుచూస్తున్నారు. అయినా నాకేం కంగారు లేదు. రౌటర్‌కి ముందురోజే బ్యాకప్ కట్టేశాగా! పాత యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీ, ఫుల్ ఛార్జ్. సరిగ్గా పది నిమిషాలు నడిచింది. తర్వాత రౌటర్ ఆరిపోయింది, కాల్ తెగిపోయింది.

నేను చేసిన తప్పు చిన్నదే. కానీ ఇంట్లో ఇలాంటివి కట్టేవాళ్లు చాలామంది చేసేదే.

మేడ మీద రెండు వాటర్ ట్యాంకులు, ఒకటి ఎత్తులో, ఇంకోటి కింద. రెంటికీ పైపు కలిపితే పై ట్యాంకు నీళ్లు కుళాయికి రావడంతోపాటు కింది ట్యాంకులోకీ పోతాయి. అడాప్టర్‌నీ బ్యాటరీనీ నేరుగా కలిపినా అంతే. వోల్టేజీ ఎక్కువున్నది తక్కువున్నదాంట్లోకి కరెంటు తోస్తుంది. ఏదో ఒకటి వేడెక్కి పాడవుతుంది. ప్లంబర్ అయితే నాన్ రిటర్న్ వాల్వు పెడతాడు. మన వాల్వు పేరు డయోడ్. ఒక్క దిక్కుకే కరెంటు వదులుతుంది. నెగటివ్ వైర్లు రెండూ కలిపేసి, ఒక్కో పాజిటివ్‌కి ఒక్కో డయోడ్, గీత ఉన్న కొస రౌటర్ వైపు. (ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కలిపారో, 24 వోల్టులు! రౌటర్‌కి దండ వేసుకోవడమే.)

ఇంతవరకూ నేనూ కరెక్టుగానే చేశా. రెండూ షాట్కీ డయోడ్లే పెట్టా. మర్చిపోయిందేంటంటే, డయోడ్‌కి మెయిన్ ఏదో, బ్యాకప్ ఏదో తెలీదు. వోల్టేజీ ఎవరిది ఎక్కువైతే వాళ్లే ముందు. అడాప్టర్ 12 వోల్టులు. ఫుల్ ఛార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మాత్రం దాదాపు 12.8! అంటే కరెంటు ఉన్నంతసేపూ పాపం బ్యాటరీయే పని చేసింది. అది 12కి దిగాక గానీ అడాప్టర్ చేయి వేయలేదు. 12కి దిగిన లెడ్ యాసిడ్‌లో మిగిలేది అడుగు బొడుగే.

మందు కూడా డయోడే. బ్యాటరీ దారిలో షాట్కీ తీసేసి, మామూలు సిలికాన్ డయోడ్లు రెండు వరసగా పెట్టా. ఒక్కోటి 0.7 వోల్టు తినేస్తుంది కాబట్టి 12.8 కాస్తా 11.4 అయింది. అడాప్టర్ వైపు షాట్కీ 0.4 తింటే 11.6. ఇప్పుడు అడాప్టర్‌దే పైచేయి. కొన్ని అడాప్టర్లు లోడ్ పడగానే కొంచెం దిగుతాయి, లేబుల్‌ని నమ్మకుండా మల్టీమీటర్ పెట్టి చూడండి. నా రౌటర్ 10 వోల్టుల దాకా ఓపిక పట్టింది. అన్నీ పట్టవు.

బ్యాటరీ పాజిటివ్ పక్కనే 2 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. 12 వోల్టులు షాక్ కొట్టవు గానీ, షార్ట్ అయితే వైరు ఎర్రగా కాలుతుంది. ఛార్జింగ్‌కి బ్యాటరీని విడదీసే పెట్టాలి, అప్పుడు దాని వోల్టేజీ 14 దాటొచ్చు. పాత లాప్‌టాప్ లిథియం సెల్స్‌తో మాత్రం ఈ ప్రయోగాలొద్దు, అవి మంటలతో మాట్లాడతాయి. ఇదంతా ఎందుకు అనుకుంటే రెడీమేడ్ మినీ యూపీఎస్‌లు ఉన్నాయి, కొనుక్కోండి.

మొన్న మళ్లీ కరెంటు పోయింది, గంటన్నర. రౌటర్ కన్నార్పలేదు. ఈసారి లాప్‌టాప్ పడుకుంది.