కెమెరా వెనక గొంతు

ఈ ఏడాది శివరాత్రి జాతరకి రామతీర్థం వెళ్ళాను. రాముడి క్షేత్రంలో శివరాత్రి జాతర ఏమిటని ఇక్కడ అమెరికాలో మిత్రులు అడుగుతుంటారు. మా ఊళ్ళో అది తరాలుగా ఉంది. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా సుమారు 12 కిలోమీటర్లు. చిన్నప్పుడు బస్సు దగ్గర పడుతుంటే ముందు కొండ కనబడేది, ఎవరో ఒకరు చేతులు జోడించేవారు. ఈసారి కొండకంటే ముందు ఒక ఫ్లెక్సీ కనబడింది.

అందులో ఒక పిల్ల ఉంది. పన్నెండేళ్ళుంటాయేమో. లంగా వోణీ, నడుముకి వడ్డాణం, పెద్దవాళ్ళకి వేసినట్టు ముఖం నిండా రంగు. భుజం మీదుగా వెనక్కి తిరిగి, పెదవి ఒక పక్కకి వంచి చూస్తోంది. కింద 'పుష్పాలంకరణ మహోత్సవం' అని బంగారు అక్షరాలు. చుట్టూ మేనమామలు, బాబాయిలు, దండం పెడుతున్న నాయకులు. ఒక మూల ఫోటో స్టూడియో పేరు, ఫోన్ నంబరు.

ఆటోలో పక్కన కూర్చున్న పిన్ని నా చూపు ఎటు పోయిందో చూసింది. "గుంటకి పన్నెండేళ్ళు నిండనేదు. దాని సంగతి సంతకెల్లినోడికి కూడా తెలియాలేటమ్మా?" అంది. ఆ ఒక్క మాటతో ఊరుకుంది. సంపాదకీయం రాయడానికి నాకు ఇంత చోటు కావలసి వస్తోంది.

పిన్ని కాలంలో సమర్తాడిన పిల్లని తాటాకు చాప మీద కూర్చోబెట్టేవారు. చిమ్మిలి పెట్టేవారు. పేరంటాళ్ళు వచ్చి పాటలు పాడేవారు. మగవాళ్ళు వీధరుగు మీదే ఉండిపోయేవారు. ఆ వేడుకలో మంచీ ఉంది, చెడూ ఉంది. ఒంట్లో ఏదో కొత్తగా జరిగి భయపడిన పిల్లని పదిమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని నవ్వించడం మంచి. ఈ ఇంట్లో పిల్ల పెళ్ళికి ఎదిగిందని నలుగురికీ తెలియజేయడం అందులోని రెండో పని, దాన్ని దాచుకోనక్కర్లేదు. ఆడపిల్ల ఒంటి కబురు పెళ్ళి సంతకి కబురు అయ్యేది.

ఆ సంత లెక్క తేల్చింది మా విజయనగరమే. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' మొదట 1892లో అక్కడే ఆడారు. 1897లో అచ్చైన తొలి కూర్పుకి ఆయన ఇంగ్లీషులో ఒక పీఠిక రాశారు. గిరీశం గురించి, మధురవాణి గురించి రాత్రంతా మాట్లాడగలిగే మనలో చాలామంది ఆ పీఠిక చదవలేదు. మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా రాయించారు. మొత్తం 1,034. వధువుల్లో ఐదేళ్ళవాళ్ళు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు, వాళ్ళ వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు జరిగాయని గురజాడ రాశారు.

ఈనాటి తల్లిదండ్రుల్ని నేను ఆ నాటకంలో కూతుర్ని అమ్ముకునే అగ్నిహోత్రావధాన్లు పక్కన నిలబెట్టడం లేదు. బిడ్డ మీద ప్రేమతోనే చేస్తున్నారు, ఉన్నదంతా పెట్టి చేస్తున్నారు. పిల్ల తనంతట తాను ఆ పెద్దవాళ్ళ చూపు చూడదు, ఎవరో చూడమంటారు. గురజాడ లెక్కలు నాకు గుర్తొచ్చింది అందుకు. తనకింకా తెలియని విషయాన్ని ఆ బిడ్డ ముఖం మీదకి తెచ్చి, దాన్ని ఊరికి చూపించి, ఆ చూపించడంలో ఇంకొకరు లాభం వెతుక్కోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అమెరికా తిరిగి వచ్చేసరికి మన తెలుగు సంఘం పత్రిక ఈ సంచిక ప్రకటనలు మెయిల్లో ఎదురు చూస్తున్నాయి. ఒకటి పూర్తి పేజీ, రంగుల్లో. మనవాళ్ళ వేడుకలకి ఫోటోలు, వీడియోలు తీసే ఒక స్టూడియోది. అందులో మళ్ళీ ఒక పిల్ల. వానలో తడిసిన జుట్టు, దించిన కళ్ళు, వోణీ అంచు పళ్ళ మధ్య. కింద 'మీ యువరాణి తొలి వోణీ, సినిమాలా'. కింద ఒక వీడియో లింకు కూడా ఉంది. తెరిచాను. ప్రేమలో పడ్డ నాయికకి వేసే పాట వెనక నడుస్తుంటే ఆ పిల్ల చెట్టు చాటు నుంచి తొంగిచూస్తోంది, ఎవరో వస్తారని ఎదురుచూస్తోంది, పరిగెత్తి వచ్చి ఆగి సిగ్గుపడుతోంది. ఎవరిని చూసి సిగ్గుపడుతోంది? ఆ చెట్టు ఇవతల ఉన్నది కెమెరామన్ ఒక్కడే.

ప్రూఫులు దిద్దే మన వాలంటీరు, మన తెలుగు బడిలో చదువుకుని ఇప్పుడు కాలేజీలో ఉన్న అమ్మాయి, ఆ పేజీ చూసి గబుక్కున మూసేసింది. "ఆంటీ, ఈ పాప మా చెల్లి క్లాసు. ఏడో తరగతి. వాళ్ళమ్మకి తెలుసా?" అంది. ఫోన్ చేశాను. వాళ్ళమ్మకి తెలియదు. వేడుక రోజు హడావుడిలో సంతకం పెట్టిన నాలుగు పేజీల కాగితంలో ఫోటోలు ప్రచారానికి వాడుకోవచ్చన్న ఒక వాక్యం ఉందట. నాతో మాట్లాడుతూనే ఆమె ఏడ్చేసింది. "నేనే ఆ షాట్ బాగుందన్నానండీ" అంది. ఆమెని ఓదార్చడానికి నా దగ్గర సరైన మాట లేకపోయింది. మా అమ్మాయి వేడుకప్పుడు నేనూ కెమెరా పక్కనే నిలబడి 'కొంచెం సిగ్గుపడమ్మా' అన్నాను.

అమెరికాలో ఉన్నాం గనక మనకి తెలియాల్సిన ఒక పాత సంగతి. 1995 వేసవిలో కాల్విన్ క్లైన్ జీన్స్ ప్రకటనలు వచ్చాయి. చవకబారు చెక్క పలకల గోడలున్న గది, ఒంటరిగా నిలబడ్డ కుర్ర మోడళ్ళు, కనబడకుండా ప్రశ్నలు వేసే ఒక మగ గొంతు. జనం మండిపడ్డారు. ఆగస్టులో కంపెనీ ప్రకటనలు వెనక్కి తీసుకుంది. ఫెడరల్ న్యాయశాఖ విచారణ జరిపి, చివరికి కేసు పెట్టకుండానే ముగించింది. ఎన్ని అంగుళాల బట్ట ఉంది, ఎన్నేళ్ళ వయసు అన్నది చట్టం కొలుచుకుంది. చూసినవాళ్ళకి వెగటు పుట్టించింది కెమెరా వెనక ఉన్న ఆ గొంతు. 2022 నవంబరులో బాలెన్సియాగా చిన్నపిల్లల చేతుల్లో తోలు పట్టీలు బిగించిన ఎలుగుబంటి బొమ్మలు పెట్టి ఫోటోలు తీయించి, క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆ పిల్లల ఒంటి మీద నిండుగానే బట్టలున్నాయి.

మన పిల్లలకి మనం తొడిగేవీ నిండు బట్టలే. పట్టు లంగా, జడగంటలు, గాజులు. అందుకే ఈ మాట ఎత్తగానే 'సంప్రదాయంలో నీకు తప్పెక్కడ కనబడింది, చూసే కళ్ళలో ఉంది దోషం' అంటారు. కమిటీ సమావేశంలో ఒక పెద్దాయన నాతో అదే అన్నారు. ఆయన మీద గౌరవం ఉంది, ఆ మాటతో మాత్రం ఏకీభవించలేను. లంగా వోణీలో తప్పు లేదు. పదకొండేళ్ళ పిల్ల పట్టులంగా కట్టుకుని గిర్రున తిరిగి లంగా గొడుగులా విప్పుకుంటే చూసి మురిసిపోని తెలుగు ప్రాణం ఉండదు. కెమెరా ఆ తిరగడం ఆపించి, 'అలా కాదు, మెల్లగా, కళ్ళు పైకెత్తి' అన్నప్పుడు ఆ బొమ్మలోంచి పిల్ల వెళ్ళిపోతుంది. మిగిలినదాన్ని ప్రకటనగా వాడుకుంటారు.

చూసే కళ్ళ సంగతి కూడా ఆయనకి చెప్పాను. 2024 జూలై మనవాళ్ళెవరూ మరిచిపోయి ఉండరు. ఒక తండ్రీ, చిన్న కూతురూ ఉన్న మామూలు వీడియో. దాన్ని తెర మీద పెట్టుకుని ఒక తెలుగు యూట్యూబరు, అతని స్నేహితులు నోటితో అనలేని మాటలన్నారు, నవ్వుకున్నారు. నటుడు సాయి దుర్గ తేజ్ (అంతకుముందు సాయి ధరమ్ తేజ్) రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకీ వినిపించేలా ఆ సంగతి బయటపెట్టారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, ఆ యూట్యూబరుని బెంగళూరులో అరెస్టు చేసింది. పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్లు కూడా చేర్చారు. ఆ వీడియోలో ఏ వంపూ లేదు, ఏ సిగ్గూ లేదు, తండ్రీ కూతుళ్ళ ఆట ఉంది. దానికే అలాంటి చూపు తగిలింది. అలాంటి చూపుకి మనమే పాట కట్టి, దీపాలు పెట్టి, లింకు అచ్చువేసి అందిస్తే? అదే ఏడాది ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఇన్‌స్టాగ్రామ్‌లో తల్లులు నడిపే ఆడపిల్లల ఖాతాలు వేలకొద్దీ పరిశీలించి రాసింది. చాలాసార్లు బట్టల కంపెనీల దృష్టిలో పడడం కోసం మొదలైన ఆ ఖాతాల చుట్టూ చేరినవాళ్ళలో పిల్లల మీద కన్నేసిన మగవాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్నారు.

చట్టం లేదా అంటే భారతదేశంలో ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 13వ సెక్షన్ 'ప్రకటన' అన్న మాటని పేరుపెట్టి చెప్పింది. టీవీలోనైనా, ఇంటర్నెట్‌లోనైనా, అచ్చులోనైనా లైంగిక తృప్తి కోసం బిడ్డని వాడుకుంటే నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీసం ఐదేళ్ళ జైలు. ఆ 2019 జూన్‌లోనే కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్ళకి ఒక సలహాపత్రం పంపింది. సినిమాల్లో పెద్దవాళ్ళు చేసిన నృత్యాలని డాన్సు పోటీల్లో పసిపిల్లల చేత అవే భంగిమలతో చేయించవద్దని దాని సారాంశం. మన ఉగాది వేదిక మీద ఆరేళ్ళ పిల్లలు ఏ పాటలకి ఆడారో ఒకసారి గుర్తు తెచ్చుకుంటే ఆ పత్రం మనకీ పంపాల్సిందేననిపిస్తుంది. ప్రకటనల్లో, సినిమాల్లో నటించే పిల్లలకి అక్కడ 2017 నుంచి నిబంధనలున్నాయి. రోజుకి ఐదు గంటలకి మించి పని చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరున బ్యాంకులో వేయాలి. ఇక్కడ ఇల్లినాయి రాష్ట్రం 2024 జూలై నుంచి ఇంటి వీడియోల్లో కనబడే పిల్లలకి ఆదాయంలో వాటా దాచాలని చట్టం చేసింది.

మన ఫ్లెక్సీ పిల్ల, మన స్టూడియో పిల్ల ఈ నిబంధనల్లో దేని కిందా సరిగ్గా ఇమడరు. నేరం అనదగ్గ అసభ్యత అక్కడ లేదు. పిల్ల నటి కాదు, జీతం లేదు. పైగా డబ్బు కట్టేది మనం, ప్రకటన స్టూడియోది. చట్టం అందుకోని ఈ చోట అడ్డుపడవలసినవాళ్ళు తల్లి, తండ్రి, మేనమామ, కమిటీ, పత్రిక.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2007లో ఆడపిల్లల విషయమై ఒక నివేదిక ఇచ్చింది. తన విలువంతా తన ఆకర్షణలోనే ఉందని నేర్చుకుంటూ పెరిగే పిల్లకి ఆత్మగౌరవం సన్నగిల్లడం, తిండి మీద విముఖత, దిగులు లాంటివాటితో సంబంధం ఉందని అందులో రాశారు. నివేదిక దాకా పోనక్కర్లేదు. ప్రూఫులు దిద్దే ఆ అమ్మాయినే అడిగాను, నీ వేడుక వీడియో ఇంకా ఉందా అని. ఉందట. "ఎవరైనా కొత్తవాళ్ళు నా పేరు వెతికితే మొదట అదే వస్తుంది ఆంటీ. నా సైన్స్ ప్రైజు నాలుగో పేజీలో వస్తుంది" అంది. తీసేయమని స్టూడియోకి రెండుసార్లు రాసిందట. జవాబు లేదు.

అందుకని ఈ సంచిక నుంచి కొన్ని మార్పులు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల ఫోటోని వస్తువో సేవో అమ్మడానికి వాడే ప్రకటన మన పత్రికలో వేయం. పిల్లల దుస్తుల దుకాణం ప్రకటనలో మాత్రం పిల్లలు ఉండవచ్చు, అయితే పిల్లల్లాగే ఉండాలి. ఆ తేడా కమిటీలోని ఇద్దరు తల్లులు, ఒక తండ్రి, పద్దెనిమిది దాటిన ఇద్దరు యువ సభ్యులు చూసి చెబుతారు. వేడుకల ఒప్పందం కాగితంలో ఏ వాక్యం కొట్టేయాలో, వీడియో తీసివేయమని ఎలా రాయాలో మన సభ్యుల్లోని ఒక న్యాయవాది ఇదే సంచికలో వివరంగా రాశారు, దయచేసి చదవండి. దసరా వేదిక మీద పన్నెండేళ్ళలోపు పిల్లల పాటల ఎంపిక ఇక సాంస్కృతిక కమిటీ ముందుగా వింటుంది. సినిమా పాటలు వద్దనడం లేదు. ఆ వయసువాళ్ళు అర్థం తెలిసి, సిగ్గుపడకుండా ఇంట్లో తాతగారి ముందు పాడుకోగలిగే సినిమా పాటలు వందలున్నాయి.

ఈ నిర్ణయంతో రెండు పూర్తి పేజీల ప్రకటనలు పోయాయి. కోశాధికారిగారు బాధపడ్డారు, ఆయన బాధ న్యాయమైనదే. మగపిల్లల పంచెల వేడుకలకీ ఈ నియమమేనా అని అడిగారు. ఔను, వాళ్ళకీ ఇదే.

ఆ ప్రకటనలోని పాప వాళ్ళమ్మతో మాట్లాడాక స్టూడియో యజమానికి కూడా ఫోన్ చేశాను. మొదట కోపగించుకున్నాడు. తనకి ఎవరూ ఎప్పుడూ ఈ మాట చెప్పలేదన్నాడు, అది నిజమే అయ్యుంటుంది. వీడియో ఆ రాత్రే తీసేశాడు. మూడు రోజుల తర్వాత వేరే ప్రకటన పంపాడు. అందులో పిల్ల లేదు. తాటాకు చాప, ఇత్తడి పళ్ళెంలో చిమ్మిలి ఉండలు, వాటిని చుడుతున్న ఒక ముసలామె చేతులు. 46వ పేజీలో వేశాం.