లిపి నిలిపిన జాతి

1794 అక్టోబరులో మద్రాసు నగరంలో ఒక మాసపత్రిక వెలువడింది. పేరు ‘అజ్దరార్’. అది తెలుగు పత్రిక కాదు, తమిళ పత్రిక కాదు, ఆంగ్ల పత్రికా కాదు. ప్రపంచంలో ఆర్మేనియన్ భాషలో వెలువడిన మొట్టమొదటి పత్రిక అదే. దాని సంపాదకుడు హరుత్యూన్ ష్మావోన్యన్ అనే క్రైస్తవ మతాచార్యుడు. పారశీక దేశంలోని షిరాజ్ నగరంలో జన్మించి, మద్రాసులో స్థిరపడిన ఆర్మేనియన్ వర్తకుల చర్చికి గురువుగా వచ్చినవాడు. ఆయన సొంతంగా ముద్రణాలయం నెలకొల్పుకొని, మాతృభూమికి వేల మైళ్ళ దూరంలో, పట్టుమని వందమంది కూడా లేని చందాదారుల కోసం పత్రికను నడిపాడు. 18 సంచికలు వెలువడిన తరువాత 1796లో అది ఆగిపోయింది.

రెండేళ్ళు కూడా నిండని ఆ పత్రికను ఆర్మేనియన్లు ఈనాటికీ గౌరవంతో స్మరించుకొంటారు. ఇతర జాతులు తమ రాజుల విజయాలను తలచుకొన్నంత ఆదరంతో వారు ఒక చిన్న పత్రికను తలచుకొంటారు. ఇందులో వింత లేదు. ఆనాటికి ఆర్మేనియా అనే రాజ్యమే లేదు. వారి మాతృభూమి తురుష్క, పారశీక సామ్రాజ్యాల నడుమ చీలిపోయి ఉంది. ష్మావోన్యన్ కంటె ముందే మద్రాసులో షహామిర్ షహామిర్యన్ అనే సంపన్న వర్తకుడు అచ్చుయంత్రాన్ని నెలకొల్పాడు. భావికాలంలో స్వతంత్ర ఆర్మేనియా ఏర్పడితే దానికి ఉండవలసిన రాజ్యాంగాన్ని ఒక గ్రంథంగా రూపొందించి, ఆయన అందులోనే ముద్రింపించాడు. రాజు ఏలుబడి కాక, ప్రజలు ఎన్నుకొన్న సభ పాలన సాగాలని ఆ గ్రంథం చెప్పింది. రాజ్యం లేనివారికి రాజ్యాంగమెందుకని ఆ కాలంలో నవ్వినవారు ఉండే ఉంటారు.

ఆర్మేనియన్ వర్తకులు తెలుగునేలకూ కొత్తవారు కారు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవులో వారి వ్యాపారం సాగింది. హైదరాబాదులోని ఉప్పుగూడలో ఆనాటి వారి సమాధులు ఉన్నాయి. మద్రాసులో అడయారు నదిపై 1726లో వంతెన కట్టించినవాడు పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్. 1772లో కట్టిన వారి చర్చి నేటికీ చెన్నైలో ఆర్మేనియన్ వీధిలో నిలిచి ఉంది. అందులో ప్రార్థనకు వచ్చే ఆర్మేనియన్ కుటుంబాలు మాత్రం దాదాపు లేవు. రాతి కట్టడాలు ఒక జాతి ఇక్కడ ఉండేదని చెప్పగలవు, ఉన్నదని చెప్పలేవు.

రాయి చేయలేని పనిని లిపి చేయగలదని ఆర్మేనియన్లు చాలా ముందుగానే గ్రహించారు. 387లో వారి దేశాన్ని రోము, పారశీక సామ్రాజ్యాలు పంచుకొన్నాయి. 428 నాటికి పారశీక భాగంలో మిగిలిన రాజరికం కూడా అంతరించింది. సరిగా ఈ రెండు తేదీల నడుమ, 405 ప్రాంతంలో, మెస్రోప్ మష్తోత్స్ అనే పండితుడు 36 అక్షరాలతో ఆర్మేనియన్ భాషకు లిపిని కూర్చాడు. అంతవరకు చర్చిలో గ్రీకు, సిరియక్ భాషలలో ప్రార్థనలు సాగేవి. సామాన్యులకు అవి అర్థమయ్యేవి కావు. లిపి ఏర్పడిన కొద్దికాలానికే బైబిలు అనువాదమైంది, చరిత్ర గ్రంథాలు పుట్టాయి. సింహాసనం కూలిపోతున్న వేళ జాతికి వేరొక ఆసరా దొరికింది. తరువాతి కాలంలో మరి రెండక్షరాలు చేరిన ఆ లిపియే నేటికీ వాడుకలో ఉంది. మష్తోత్స్‌ను వారి చర్చి మహాత్ముల కోవలో చేర్చింది. 2005లో, లిపికి 1600 ఏళ్ళు నిండిన సందర్భంలో, అర్తషవాన్ గ్రామం దగ్గర కొండవాలులో ఆ అక్షరాలన్నిటినీ నిలువెత్తు శిలలుగా చెక్కి నిలిపారు.

రాజధాని ఎరెవాన్‌లోని ‘మతెనదరాన్’ అనే గ్రంథాలయంలో వేల సంఖ్యలో ప్రాచీన లిఖిత ప్రతులు ఉన్నాయి. వాటిలో ముష్ పట్టణపు ధర్మోపదేశాల సంపుటి అన్నిటికంటె పెద్దది. 13వ శతాబ్ది ఆరంభంలో తోలుపత్రాలపై వ్రాసిన ఆ గ్రంథం బరువు సుమారు 28 కిలోలు. 1915లో తురుష్క సామ్రాజ్యంలో ఆర్మేనియన్ల ఊచకోత జరుగుతున్నప్పుడు, పాడుపడిన మఠంలో ఈ గ్రంథం ఇద్దరు స్త్రీల కంటబడిందట. ఒక్కరు మోయలేనిది గనుక దానిని రెండుగా విడదీసి చెరొక భాగం ఎత్తుకొని బయలుదేరారు. ఒకామె తన భాగాన్ని ఎచ్మియాజిన్ మఠానికి చేర్చింది. రెండవ ఆమె తన భాగాన్ని ఎర్జురుమ్ ప్రాంతంలో పాతిపెట్టి, దారిలోనే కన్నుమూసింది. అదీ కొంతకాలానికి బయటపడి మొదటి భాగంతో కలిసింది. ప్రాణం దక్కించుకోవడమే గగనమైన వేళ పిల్లల మూటలో, రొట్టెల మూటలో మోయక గ్రంథాన్ని మోశారని ఆర్మేనియన్లు ఈ కథను పిల్లలకు చెప్పుకొంటారు.

ఆ ఊచకోత తొలిదెబ్బ కూడా అక్షరం మీదనే పడింది. 1915 ఏప్రిల్ 24న కాన్‌స్టాంటినోపుల్‌లో ప్రభుత్వం ముందుగా నిర్బంధించినది కవులను, సంపాదకులను, ఉపాధ్యాయులను, సంఘ పెద్దలను. వారిలో చాలమంది తిరిగి రాలేదు. తరువాత నెలలలో ఊళ్ళకు ఊళ్ళను సిరియా ఎడారి వైపు నడిపించారు. మరణించినవారు పది లక్షలకు పైబడి ఉంటారని అనేక చరిత్రకారుల అంచనా. దీనిని జాతి నిర్మూలనమని అంగీకరించడానికి టర్కీ ప్రభుత్వం నేటికీ సిద్ధంగా లేదు. బ్రతికినవారు సిరియాలో అలెప్పోలో, లెబనాన్‌లో బేరూతులో, ఫ్రాన్సులో, అమెరికాలో తలదాచుకొన్నారు. బేరూతు సరిహద్దున ‘బుర్జ్ హమ్మూద్’ అనే శరణార్థుల వాడ పట్టణంగా ఎదిగింది. అందులోని పేటలకు పోగొట్టుకొన్న ఊళ్ళ పేర్లు పెట్టుకొన్నారు. నీడ కుదిరిందో లేదో పాఠశాలలు, ముద్రణాలయాలు, పత్రికలు పుట్టాయి. సైప్రస్‌లోని నికోసియాలో 1926లో అనాథ బాలల కోసం మెల్కోన్యన్ విద్యాసంస్థ వెలసింది. పారిస్‌లో 1925లో ‘హరాచ్’ పత్రిక మొదలయింది.

ఇంతవరకు చెప్పినది గర్వించదగిన చరిత్ర. మిగిలినది అంత సుఖంగా చెప్పుకోదగినది కాదు. మెల్కోన్యన్ విద్యాసంస్థను 2005లో మూసివేశారు. ‘హరాచ్’ 2009లో ఆగిపోయింది. ఊచకోతకు తలవంచక వలస వచ్చినవారి భాష పశ్చిమ ఆర్మేనియన్. దానిని యునెస్కో 2010 నాటి భాషాపటంలో ప్రమాదంలో ఉన్న భాషలలో చేర్చింది. లెబనాన్ అంతర్యుద్ధం, 2011 తరువాతి సిరియా యుద్ధం ఈ భాష మాట్లాడే సంఘాలను మరింత చెదరగొట్టిన మాట నిజమే. కాని పారిస్‌లో యుద్ధం లేదు, కాలిఫోర్నియాలో నిషేధం లేదు. అక్కడ తరిగిపోయినవారు పాఠకులు. 28 కిలోల గ్రంథాన్ని మోసినవారి మునిమనుమలకు నాలుగు పుటల పత్రిక బరువైంది. ఈ మాట నిష్ఠూరంగా తోచవచ్చు. కొత్త దేశంలో పొట్టపోసుకోవడానికి ఆ దేశపు భాష నేర్వక తప్పదు. అయితే ఒక భాష నేర్చుకోవడానికి మరొకదానిని విడిచిపెట్టవలసిన అగత్యం ఏమీ లేదు.

భాష లేకపోయినా జాతి నిలుస్తుందని వాదించేవారు ప్రవాసంలో ఎందరో ఉన్నారు. చర్చి ఉన్నది, లవాష్ రొట్టె ఉన్నది, ఏప్రిల్ 24 స్మరణ ఉన్నది, అవి చాలునంటారు. ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. 1988లో స్పితాక్ భూకంపం సుమారు 25,000 మందిని బలిగొన్నప్పుడు, మాతృభాషలో ఒక్క వాక్యం రానివారు కూడా ఆదుకోవడానికి ముందుకు వచ్చారు. ఇస్తాంబుల్‌లో 1996లో ‘అగోస్’ పత్రికను స్థాపించిన హ్రాంత్ దింక్ దానిని ప్రధానంగా తురుష్క భాషలోనే నడిపాడు. అక్కడి ఆర్మేనియన్లలో అనేకులకు సొంత లిపి చదవరాదు మరి. 2007 జనవరిలో ఆ పత్రికా కార్యాలయం ముందే ఆయన హత్యకు గురయ్యాడు. ఆయనను ఆర్మేనియన్ కాదనగలవారెవరు?

అయినా ఆ వాదంలో ఒక లోపమున్నది. చర్చి ఆదివారానిది, స్మరణ ఏడాదికొక రోజుది. భాష ప్రతి పూటదీ. తాత వ్రాసిన ఉత్తరం ఇంట్లో భద్రంగా ఉండి, దానిని చదవగలవారు ఇంట్లో ఒక్కరూ లేనప్పుడు, ఆ కుటుంబానికి తన దుఃఖం కూడా అనువాదంలోనే అందుతుంది.

తప్పంతా ప్రవాసులదే అనడం కూడా సరికాదు. 1991లో స్వతంత్రమైన ఆర్మేనియా జనాభా సుమారు 30 లక్షలు. దేశం వెలుపల ఉన్నవారు అంతకు రెట్టింపు కంటె ఎక్కువని అంచనా. స్వదేశంలోని బడులలో బోధించేది తూర్పు ఆర్మేనియన్. 1922లో సోవియట్ పాలనలో వర్ణక్రమాన్ని సంస్కరించారు; ప్రవాసులు, ఇరాన్‌లోని ఆర్మేనియన్లు పాత వర్ణక్రమాన్నే పట్టుకొని ఉన్నారు. ఎవరి పద్ధతి వారికి పవిత్రం. పండితుల ఈ పట్టుదలకు మూల్యం చెల్లిస్తున్నది బాలలు. స్వదేశపు పాఠశాలలు పశ్చిమ ఆర్మేనియన్‌ను కూడా కొంత నేర్పడం, ప్రవాస పాఠశాలలు కొత్త వర్ణక్రమాన్ని పరిచయం చేయడం అసాధ్యమైన పనులు కావు. 2023 సెప్టెంబరులో నగోర్నో కరబఖ్ నుంచి లక్షమందికి పైగా ఆర్మేనియన్లు కొద్దిరోజులలోనే ఇళ్ళు విడిచి ఆర్మేనియాకు తరలివచ్చారు. వారిది ప్రత్యేకమైన మాండలికం. వాడవాడలా చెదిరి స్థిరపడిన ఆ పిల్లల నోట అది ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది కూడా ఇప్పుడు ఆ ప్రభుత్వం ఆలోచించవలసిన విషయమే.

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడి ఉన్నారు. ఇంతమంది ఉండగా ఈ చింత తమకెందుకని తెలుగువారు అనుకోవడం సహజమే. కాని డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో అమ్మమ్మ తెలుగులో అడిగినదానికి ఆంగ్లంలో బదులిచ్చే బాలునికి ఆ కోట్ల సంఖ్య అక్కరకు రాదు.

ఈ చింతకు మందు పెద్ద పథకాలలో కంటె చిన్న పనులలో కనిపిస్తున్నది. లిస్బన్‌లోని గుల్బెన్కియన్ సంస్థ పశ్చిమ ఆర్మేనియన్‌లో పిల్లలకు పుస్తకాలు, ఆటలు, పాటలు సమకూర్చేవారికి చేయూతనిస్తున్నది. 2019లో ఆ భాషకు ప్రత్యేకంగా వికీపీడియా ఏర్పడింది. కలకత్తాలో 1821లో స్థాపించిన ఆర్మేనియన్ విద్యాలయానికి ఆర్మేనియా నుంచి, ఇరాన్ నుంచి పిల్లలు వచ్చి చదువుకొంటున్నారు. 1915లో సంపాదకులను నిర్బంధించిన నగరంలోనే, 1908లో మొదలైన ‘జమానక్’ అనే ఆర్మేనియన్ దినపత్రిక ఇంకా వెలువడుతున్నది. దాని ప్రతుల సంఖ్య స్వల్పమే. ‘అజ్దరార్’ చందాదారుల సంఖ్యా అంతే.