అంగుళాలు ఎక్కువ, అడుగులు తక్కువ

అడ్మిషన్లు అయిపోగానే జూనియర్ల నుంచి వచ్చే మెసేజ్ ఒక్కటే: "అన్నా, ఏ ల్యాప్‌టాప్ కొనాలి?" ప్రాసెసర్ గురించి అడుగుతారు, ర్యామ్ గురించి అడుగుతారు, గ్రాఫిక్స్ కార్డు కావాలా వద్దా అని అడుగుతారు. స్క్రీన్ ఎంత ఉండాలి అని మాత్రం ఎవ్వరూ అడగరు. పెద్దదే కొనాలని అప్పటికే ఫిక్స్ అయిపోయి ఉంటారు. ఏడాదిన్నర కిందట నేనూ అంతే.

మా నాన్న ల్యాప్‌టాప్‌ని టీవీ కొన్నట్టు కొన్నారు. షాపులో 14 అంగుళాలదీ, 15.6 అంగుళాలదీ పక్కపక్కన పెట్టారు. ధరలో పెద్ద తేడా లేదు. "అదే డబ్బుకి పెద్దది వస్తుంటే చిన్నది ఎందుకురా? కళ్లకి కూడా మంచిది" అన్నారు నాన్న. నాకూ నిజమే అనిపించింది. గేమింగ్ మోడల్, వెలిగే కీబోర్డు, పక్కన నంబర్ ప్యాడ్. ఇంటికి తెచ్చిన రోజు అమ్మ బొట్టు కూడా పెట్టింది.

మొదటి నెల రోజూ క్లాసుకి మోశాను. రెండో నెల ల్యాబ్ ఉన్న రోజే. తర్వాత అది హాస్టల్ టేబుల్ మీదే ఉండిపోయింది. ఎందుకిలా అయిందని ఒకరోజు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో తూకం వేయించా. ల్యాప్‌టాప్ 2.4 కేజీలు, ఇటుక లాంటి ఛార్జర్ 700 గ్రాములు. మొత్తం 3.1 కేజీలు. ఛార్జర్ వదిలేసి వెళ్దామంటే బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు. లైబ్రరీలో ప్లగ్ పాయింట్ దొరకడం అంటే పండగ రోజు బస్సులో సీటు దొరకడమే. క్లాసులో రైటింగ్ ప్యాడ్ కుర్చీ మీద పెడితే సగం గాల్లోనే ఉంటుంది.

బరువు మోయడం ఇష్టం లేకపోవడం చిన్న విషయమే. అసలు నష్టం వేరే ఉంది. ల్యాప్‌టాప్ రూమ్ దాటకపోయేసరికి నేనూ రూమ్ దాటలేదు. ప్రాజెక్ట్ టీమ్ లైబ్రరీలో కూర్చుంటే "మీరు మొదలెట్టండి, నేను రూమ్ నుంచి చేస్తా" అనేవాణ్ణి. పక్కన కూర్చుంటే రెండు నిమిషాల్లో తేలిపోయే బగ్ కోసం రాత్రి రెండు దాకా ఒక్కణ్ణే కొట్టుకున్న రోజులున్నాయి.

సరే, పెద్ద స్క్రీన్‌తో లాభం లేదా? ఉంది. కానీ మనం అనుకున్నంత లేదు. అంగుళాలు కొలిచేది మూల నుంచి మూలకి. మనం కోడ్ చదివేది పై నుంచి కిందికి. 16:9 నిష్పత్తిలో ఉన్న 15.6 అంగుళాల స్క్రీన్ ఎత్తు సుమారు 19.4 సెంటీమీటర్లు. 16:10 నిష్పత్తిలో ఉన్న 14 అంగుళాల స్క్రీన్ ఎత్తు 18.8. తేడా ఆరు మిల్లీమీటర్లు! మిగతా పెరుగుదలంతా వెడల్పులోనే. సినిమాకి బాగుంటుంది, కోడ్‌కి కుడివైపు ఖాళీ మిగులుతుంది.

అక్షరాల సైజు సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఒకే రెజల్యూషన్ ఉంటే చిన్న స్క్రీన్ మీద అక్షరాలు చిన్నగా కనిపిస్తాయి. అందుకని స్కేలింగ్ 125 శాతానికి పెంచితే, 100 లైన్లు పట్టే చోట 80 మాత్రమే పడతాయి. పెద్ద స్క్రీన్ మీద ఆ అవసరం చాలామందికి రాదు. చూపు సమస్య ఉన్నవాళ్లకి ఇది చాలా పెద్ద లాభం. అలాగే లోపల చోటు ఎక్కువ కాబట్టి పెద్ద ఫ్యాన్లు పడతాయి, అదే ప్రాసెసర్ వేడెక్కి నెమ్మదించకుండా ఎక్కువసేపు పనిచేస్తుంది. క్యాడ్ చేసే మెకానికల్, సివిల్ వాళ్లకి, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి పెద్దదే కరెక్ట్.

బ్యాటరీ దగ్గర మాత్రం పెద్దదానికి ఒక గోడ అడ్డం ఉంది. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగే బ్యాటరీ పరిమితి 100 వాట్-అవర్లు. అందుకే ఎంత పెద్ద ల్యాప్‌టాప్ అయినా బ్యాటరీ దాదాపు అక్కడే ఆగిపోతుంది. బుల్లెట్ ఇంజిన్‌కి స్కూటీ ట్యాంక్ బిగించినట్టు. ఇక నంబర్ ప్యాడ్ వల్ల టైప్ చేసే చోటు ఎడమకి జరుగుతుంది. స్క్రీన్ మధ్యలో చూడాలంటే మెడ కొంచెం తిప్పే ఉండాలి. నేను గత సెమ్‌లో నంబర్ ప్యాడ్ వాడింది క్యాలిక్యులేటర్‌లో సీజీపీఏ లెక్కేసుకోవడానికే.

నాకు ఇప్పుడు అనిపించేది ఇది: పెద్ద స్క్రీన్ టేబుల్ మీద ఉండాలి, చిన్న స్క్రీన్ బ్యాగులో ఉండాలి. రెండూ ఒకే మిషన్‌లో కావాలనుకుంటే రెండూ సగం సగమే దొరుకుతాయి. మా రూమ్మేట్ 14 అంగుళాలది కొన్నాడు, 1.4 కేజీలు. తర్వాత సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 24 అంగుళాల సెకండ్ హ్యాండ్ మానిటర్ తెచ్చి, కింద నాలుగు పాత పుస్తకాలు పెట్టి కళ్ల ఎత్తుకి లేపాడు. నా 15.6 ముందు నేను మెడ వంచుకునే కూర్చుంటా. స్క్రీన్ ఎంత పెద్దదైనా కీబోర్డుకి అతుక్కునే ఉంటుంది కదా.

మానిటర్‌కి వేరే డబ్బులు కావాలి, నిజమే. అందరి ఇళ్లలో అవి ఉండవు. టేబుల్ మీద చోటూ ఉండదు. ఒక్కటే కొనగలిగితే, అది ఎక్కువగా రూమ్‌లోనే ఉంటుందని ముందే తెలిస్తే, పెద్దది కొనండి. తప్పేం లేదు. తెలియక కొనడమే తప్పు.

అందుకే జూనియర్లకి ఒక చిన్న పరీక్ష చెప్తున్నా. కొనేముందు ఒక వారం బ్యాగులో మూడు కేజీల పుస్తకాలు వేసుకుని క్లాసుకి, ల్యాబ్‌కి, క్యాంటీన్‌కి, మూడో అంతస్తుకి తిరగండి. శనివారం కూడా ఆ బ్యాగు భుజం మీదే ఉంటే 15.6 తీసుకోండి. బుధవారానికే రూమ్‌లో వదిలేస్తే మీ సమాధానం మీకు దొరికినట్టే.

నాన్న ఫోన్‌లో ఇప్పటికీ అడుగుతుంటారు, "స్క్రీన్ బాగుందా రా?" అని. "బాగుంది నాన్నా" అంటాను. అబద్ధం కాదు, స్క్రీన్ నిజంగానే బాగుంది. దాన్ని ఎక్కడ వాడతానో షాపులో మేమిద్దరం ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఇంకా బాగుండేది.