ఎవరు తొలగిస్తారు, మేడమ్?

మొన్న మాదాపూర్‌లోని మా ఆఫీసులో టెక్నికల్ రైటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు చేశాను. వచ్చినవాళ్లందరికీ ఒకే ఇంగ్లిష్ వాక్యం ఇచ్చి బాగుచేయమన్నాను. తెలుగులో చెబితే అది ఇలా ఉంటుంది: ‘30 రోజుల తర్వాత బ్యాకప్ తొలగించబడుతుంది.’ చాలామంది ఇంకాస్త గంభీరమైన మాటల కోసం వెతికారు. అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఎం.ఏ. ఇంగ్లిష్ అమ్మాయి మాత్రం పెన్ను పక్కన పెట్టి, ‘‘ఎవరు తొలగిస్తారు, మేడమ్? సాఫ్ట్‌వేరే తీసేస్తుందా, మనం తీసెయ్యాలా? 30 రోజులు ఎప్పటినుంచి లెక్క?’’ అని అడిగింది.

ఆ అమ్మాయిని తీసుకున్నాం. ఆ ప్రశ్నలకు జవాబు లేకుండా అలాంటి వాక్యం బయటికి వెళితే ఎక్కడో ఒక ఆస్పత్రి రికార్డులు పోవచ్చు.

నాదీ ఎం.ఏ. ఇంగ్లిషే. సూర్యాపేటలో డిగ్రీ దాకా తెలుగు మీడియం, 2003లో పీజీ పూర్తయింది. ‘‘లెక్చరర్ నౌకరి వస్తదా బిడ్డా?’’ అని నాన్న అడిగాడు. రాలేదు. అమీర్‌పేటలో నా రూమ్మేట్లు మైత్రీవనం చుట్టూ తిరిగి జావా నేర్చుకుంటుంటే నేను సాఫ్ట్‌వేర్ వాడకం వివరించే పత్రాలు తయారుచేసే రోబోహెల్ప్ నేర్చుకున్నాను. దానికి మూడు వారాలు పట్టింది. ఇరవై ఏళ్లకు పైగా నాకు అన్నం పెట్టిన మిగతా విద్య అంతా ఎం.ఏ. క్లాసులో వచ్చిందే.

ఐ.ఏ. రిచర్డ్స్ అనే విమర్శకుడు కేంబ్రిడ్జిలో కవుల పేర్లు తీసేసి పద్యాలను విద్యార్థులకిచ్చాడు. చదివి ఏమనిపించిందో రాయమన్నాడు. ఆ జవాబుల మీద 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ పుస్తకం తెచ్చాడు. బాగా చదువుకున్నవాళ్లు కూడా కళ్లెదుట ఉన్న మాటను ఎంత తప్పుగా చదువుతారో అందులో తెలుస్తుంది. మా సారు ఒకాయన మాతోనూ అదే చేయించారు. గంటసేపు పద్నాలుగు పంక్తులు, గైడు తెరవకూడదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే చిత్తుప్రతుల్లో ఏఐ రాసినవే ఎక్కువ. వ్యాకరణ దోషం కనిపించదు, కానీ స్క్రీన్ మీద లేని బటన్‌ను నొక్కమని ధీమాగా చెబుతాయి. ఆ గంటసేపు కూర్చున్న ఓపికే ఆ తప్పును పట్టిస్తోంది.

భాషాశాస్త్రం పేపర్లో ‘మస్ట్’, ‘షుడ్’, ‘మే’ల మధ్య తేడా చదువుతున్నప్పుడు ఇదెందుకు అనుకునేదాన్ని. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్లు 1997లో ఆ మాటల అర్థాలు తేల్చడానికే ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం రాసుకున్నారని ఉద్యోగంలో చేరాక తెలిసింది. ‘మస్ట్’ అంటే తప్పనిసరి, ‘షుడ్’ అంటే సరైన కారణం ఉంటే తప్ప మానకూడదు, ‘మే’ అంటే మీ ఇష్టం.

తెలుగు మీడియం పిల్లలకు నేను గట్టిగా చెప్పాలనుకునేది ఒకటుంది. మేం రాసేది చదివేవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ అమ్మభాష కాదు. ‘సిన్స్’ అంటే ‘నుంచి’యా, ‘కాబట్టి’యా? ‘వన్స్’ అంటే ‘ఒకసారి’యా, ‘అయ్యాక’నా? వాళ్లు తడబడే చోటే మనమూ ఒకప్పుడు తడబడ్డాం. ఇంగ్లిష్‌లోనే పెరిగినవాళ్లు ఆ చోట్లను గమనించకుండా దాటిపోవడం నా టీములోనే చూశాను. మనకు ఆ గుంట ఎక్కడుందో గుర్తుంటుంది.

ఇదంతా విని ఎం.ఏ. చేస్తే చాలు, ఉద్యోగం ఖాయమనుకోవద్దు. ఈ ఐటీ కారిడార్‌లో మా క్లాస్‌మేట్లు కొందరు రాత్రి షిఫ్టుల్లో చాట్ సపోర్టు చేసి ఆరోగ్యం పాడుచేసుకున్నారు. మా ఫ్లోర్‌లో కొత్త రైటర్ జీతం అదే రోజు చేరిన ఇంజినీరు జీతం కంటే తక్కువే. దీని గురించి నేను అడుగుతూనే ఉన్నాను.

అంతకంటే బాధ పరీక్షలను చూస్తే. క్లాసులో చదవడం నేర్పిన చదువు పరీక్షలో కంఠస్థం అడిగింది. హామ్లెట్ ఎందుకు తాత్సారం చేశాడో ఎనిమిది పేజీలు గైడులోంచి బట్టీపట్టి రాశాను, మార్కులొచ్చాయి. ఇంటర్వ్యూకు వచ్చే పిల్లల్ని అడిగితే ఇప్పటికీ చాలామంది అదే చెబుతున్నారు. షేక్‌స్పియర్‌ను తీసేసి ‘సాఫ్ట్ స్కిల్స్’ పెడితే ఉద్యోగాలొస్తాయన్న వాదన ఈమధ్య తరచూ వింటున్నాను. ఒప్పుకోను. స్లైడ్లు చేయడం మేం వారంలో నేర్పేస్తాం. నిదానంగా చదవడం నేర్పే తీరిక మాకు లేదు.

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. నేటి ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీకి (ఇఫ్లూ) మూలమైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ అంతకు 40 ఏళ్ల ముందే, 1958లో ఇక్కడ మొదలైంది. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ భవనాలు కనిపిస్తాయి. అయినా ఇన్నేళ్లలో మా పని చూడటానికి ఒక్క ఇంగ్లిష్ క్లాసూ రాలేదు. మేమూ పిలవలేదు, ఆ తప్పు మాది.

నేను కోరేది ఒక్క పేపరు. అందులో సగం మార్కులు పిల్లలు ముందెన్నడూ చూడని పేరాకు ఇవ్వండి. ఒక సెమిస్టర్ పద్యం, ఇంకో సెమిస్టర్ ఇన్సూరెన్స్ పాలసీలో నిబంధన. ఇందులో ఏం రాసి ఉంది, ఏం రాయలేదు అని అడగండి. ఏ కాలేజీ అలాంటి పేపరు పెట్టినా, అది పాలమూరులో ఉన్నా సరే, శనివారాలు వచ్చి దిద్దిపెడతాను.