టెండరులో ఎవరి వంతు ఎంత?

మునిసిపాలిటీ అనగానే మనకు గుర్తుకొచ్చేవి కుళాయి నీళ్ళు, చెత్తబండి, ఇంటిపన్ను. కాని సిమెంటు రోడ్డు, మురుగుకాలువ, వీధిదీపాల మరమ్మతు, బడి గోడలకు సున్నం - ఇవన్నీ ఎవరో ఒకరు కాంట్రాక్టుగా దక్కించుకున్న పనులే. ఆ సొమ్ము మనందరి పన్నుల సొమ్ము. పన్ను వసూలు చేసేటప్పుడు కులమూ మతమూ, ఆడా మగా అన్న భేదం ఎవరూ చూడరు. మరి ఆ సొమ్ముతో పని అప్పగించేటప్పుడు ఎప్పుడూ ఆ నలుగురైదుగురి పేర్లే ఎందుకు వినబడతాయి?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలలో స్త్రీలకు మూడోవంతు స్థానాలు కేటాయించింది. దళితులకు, గిరిజనులకు జనాభాను బట్టి స్థానాలిచ్చింది. అంటే పని మంజూరు చేసే కౌన్సిల్లో వారికి కుర్చీ దొరికింది. ఆ పని చేసి నాలుగు రూపాయలు సంపాదించే చోట మాత్రం దొరకలేదు.

"టెండరు అందరికీ కనబడేలా కంప్యూటర్లోనే పెడుతున్నారు గదా, దమ్మున్నవాళ్ళు వేసుకోవచ్చు" అంటారు కొందరు పెద్దలు. వేసుకోవచ్చు, నిజమే. కాని ముందు ధరావతు కట్టాలి. బ్యాంకు గ్యారంటీ తేవాలి. వెనకటి సంవత్సరాల టర్నోవరు చూపాలి. అటువంటి పనే ఇదివరకు చేసినట్టు సర్టిఫికెట్ పెట్టాలి. పని దొరికితే గాని అనుభవం రాదు, అనుభవం ఉంటే గాని పని ఇవ్వరు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదన్నట్టుంది వ్యవహారం! పైగా పది చిన్న పనులను మూటగట్టి ఒకే ప్యాకేజీ చేస్తే చిన్నవాళ్ళు ఆ దరిదాపులకు కూడా రాలేరు. ఒకవేళ వచ్చినా, బిల్లు నెలల తరబడి ఆగిపోతే పెద్ద కాంట్రాక్టరు తట్టుకుంటాడు. మెడలో పుస్తెలు కుదువబెట్టి పని మొదలుపెట్టిన ఆడమనిషి తట్టుకోగలదా?

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో అట్లాంటా నగరానికి తొలి నల్లజాతి మేయరుగా 1974 జనవరిలో పదవి చేపట్టిన మేనార్డ్ జాక్సన్, విమానాశ్రయ నిర్మాణపు కాంట్రాక్టులలో 25 శాతం మైనారిటీ సంస్థలకు దక్కాలని పట్టుబట్టాడు. వ్యాపార వర్గాలు గగ్గోలు పెట్టాయి. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. 1980 సెప్టెంబరులో కొత్త టెర్మినల్ తెరుచుకుంది. 'వీళ్ళకిస్తే నాణ్యత పోతుంది' అనేవారికి ఇంతకన్న జవాబేం కావాలి?

రిచ్‌మండ్ నగరం కథ వేరు. అక్కడి జనాభాలో సుమారు సగం నల్లవారు. 1978 నుంచి 1983 దాకా నగరం ఇచ్చిన ప్రధాన నిర్మాణ కాంట్రాక్టులలో మైనారిటీ సంస్థలకు దక్కినది 0.67 శాతం! 1983లో నగర కౌన్సిల్ ప్రతి పెద్ద కాంట్రాక్టరూ పని విలువలో 30 శాతం మైనారిటీ సంస్థలకు సబ్ కాంట్రాక్టుగా ఇవ్వాలని నిబంధన పెట్టింది. నగర జైలులో మరుగుదొడ్ల సామాను బిగించే పని దగ్గర తగాదా మొదలై సుప్రీంకోర్టు దాకా పోయింది. 1989లో కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. జనాభా లెక్క చూపితే చాలదు, పని చేయగల అర్హులెందరు, వారికి దక్కిందెంత, అన్యాయం ఎక్కడ జరిగిందన్న ఆధారం కావాలన్నది. ఎస్కిమోల పేరు కూడా జాబితాలో ఎందుకుందని నిలదీసింది. ఆ తీర్పు తర్వాతనే అక్కడి నగరాలు ఇటువంటి లెక్కలు తీయించడం మొదలుపెట్టాయి.

మన దేశంలోనూ కొన్ని అడుగులు పడ్డాయి. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొనే సరుకులలో, సేవలలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. అందులో దళిత, గిరిజనుల సంస్థలకు 4 శాతం, స్త్రీల సంస్థలకు 3 శాతం దక్కాలి. 2012 నాటి ఉత్తర్వుకు 2018లో చేసిన సవరణ ఇది. కాని మన మునిసిపాలిటీ రోడ్డు పనికి ఇది వర్తించదు. కర్ణాటక 50 లక్షల లోపు పనులలో దళిత, గిరిజన కాంట్రాక్టర్లకు 24.10 శాతం కేటాయించి, 2023లో ఆ పరిమితిని కోటి రూపాయలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో నామినేషన్ పనులలో సగం వెనుకబడిన తరగతులకు, దళిత, గిరిజన, మైనారిటీలకు, మొత్తం మీద సగం స్త్రీలకు ఇవ్వాలని చట్టం చేసింది. మంచిదే. కాని నామినేషన్ మీద ఇచ్చేవి చిన్నాచితకా పనులు. అసలు సొమ్మంతా టెండరులోనే ఉంది.

కోటా వద్దని నేననడం లేదు. కోటా ఒక్కటే చాలదంటున్నాను. భార్య పేర లైసెన్సు, భర్త చేతిలో చెక్కు పుస్తకం. దళితుడి పేర టెండరు, వెనక పెద్ద కామందు పెట్టుబడి - ఈ బినామీ తంతు సాగినంతకాలం శాతాలు కాగితం మీదనే పెరుగుతాయి. పనులను చిన్న ముక్కలు చేయాలి. చిన్నవారికి ధరావతు తగ్గించాలి. ఎం. బుక్కులో కొలతలు ఎక్కిన తర్వాత ఇన్ని రోజుల్లో బిల్లు ఇచ్చి తీరాలన్న గడువు పెట్టాలి. పని దగ్గర నిజంగా నిలబడి చేయించేదెవరో తనిఖీ చేయాలి. అన్నిటికన్న ముందు, ఏ పని ఎవరికి దక్కిందో ఏటేటా ఆఫీసు గోడ మీద అంటించాలి. లెక్క లేని న్యాయం కోర్టులో నిలవదని రిచ్‌మండ్ చెబుతోంది గదా!

ఆ లెక్క ఎవరు తీస్తారు? మనమే తీయవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. మూడేళ్ళ పనుల జాబితా అడిగి తెచ్చుకుంటే కామర్సు, ఆర్థికశాస్త్ర విద్యార్థులు పట్టికలు వేయగలరు. అధ్యాపకులు దారి చూపగలరు. ఇంజనీర్లుగా, అధికారులుగా స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఏ నిబంధన ఎవరిని బయట నిలబెడుతోందో విప్పి చెప్పగలరు. సామాజిక న్యాయం మీద వక్తృత్వపు పోటీలు ఎన్నో పెట్టుకున్నాం. ఈ ఏడు మన సంఘం ఒక్క మునిసిపాలిటీ లెక్క తేల్చినా, వచ్చే సంచికలో వేసుకోవడానికి ఉపన్యాసం కాక నిజం ఒకటి మిగులుతుంది.